అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్దపాయలుగా చీలిపోవును. వసిష్ఠనుండి వైనతేయ యను మఱియొక పాయ వేఱై తన దారిని తాను సముద్రమును చేరును. ఈ పాయల నడుమ కొబ్బరితోటలతో, వరిచేలతో విలసిల్లుచున్న సీమయే కోనసీమ. వసిష్ఠ కడలిలో కలియుచోట అంతర్వేది క్షేత్రము కలదు. అచ్చట ఏటేట మాఘశుద్ధమున శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమును, భీష్మైకాదశినాడు రథోత్సవమును జరుగును. నరసాపురము వైపువారు వసిష్ఠను దాటి సఖినేటిపల్లి రేవున దిగి అంతర్వేదికి పోవుదురు. కోనసీమ లోపలి గ్రామములవారు రాజోలు మీదుగా పోవుదురు. నేడు బస్సులును, కారులును తిరుగుచున్న ఈ మార్గమున పూర్వము ఎడ్లబండ్లును, పడవలును, కలిగినవారికి పల్లకీలును తప్ప వేఱు సాధనములు లేవు. పేదవారికి కాలినడకయే గతి.

అట్లు అంతర్వేది తీర్థమునకు బయలుదేరి, స్వామిని దర్శింపకయే నడుమదారినుండి వెనుకకు మరలిన ఒక యిల్లాలి కథను ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. ఆమె పేరు డొక్కా సీతమ్మ. ఆమె ఏల మరలెనో తెలియవలెనన్న ముందుగా ఆమె జీవితమును కొంత తెలిసికొనవలెను.

సీతమ్మ 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించెను. తండ్రి అనుపిండి భవానీశంకరము, తల్లి నరసమ్మ. భవానీశంకరము ఆకలి యని వచ్చినవారిని ఎన్నడును వట్టిచేతులతో పంపలేదు. అందుచేత ఊరివారు ఆయనను బువ్వన్న యని పిలువసాగిరి. బువ్వ యనునది పసిపిల్లలు అన్నమునకు పెట్టుకొన్న పేరు. గౌరవముగల ఒక గృహస్థునకు ఊరంతయు కలిసి పసిపిల్లల మాటతో పేరుపెట్టినదన్నచో, ఆయన యెడ వారికి ఎంతటి చనువు ఉండెనో, ఆయన యింటి గడప ఎక్కుటకు ఎవరును ఎంతగా సంకోచింపకుండిరో ఊహింపవచ్చును.

ఆ దినములలో అన్నము విలువ అందఱికి తెలిసియుండెను. సీతమ్మ పుట్టుటకు ఎనిమిదేండ్లకు ముందు, 1833లో, గుంటూరు సీమను పాడుచేసిన ఘోరమైన కరవు గోదావరి మండలమును కూడ విడువలేదు. 1839లో వచ్చిన తుపాను సముద్రపు నీటిని ఊళ్ళమీదికి తెచ్చెను. ధవళేశ్వరమున ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. అనగా కాలువనీరు పాఱి చేలు నిలకడగా పండనారంభించునాటికి సీతమ్మ పదునొకండేండ్ల బాలిక. ఆకలిని కన్నులార చూచిన పెద్దల మాటలు వినుచు ఆమె పెరిగెను. తల్లి ఆమె చిన్నతనముననే మరణించుటచే ఇంటి బరువంతయు ఆమె భుజములపై పడెను. తండ్రి అతిథులను పిలుచుట మానలేదు. వారికి వండి వడ్డించు పని ఆ బాలికది.

ఆమె వివాహము జరిగిన విధమును గూర్చి ఒక కథ కలదు. లంకల గన్నవరమునందు డొక్కా జోగన్న యను భూవసతిగల రైతు ఉండెను. ఆయన ఒకనాడు ప్రయాణము చేయుచు మిట్టమధ్యాహ్నమునకు మండపేట చేరెను. ఎండ తీవ్రముగా ఉండెను. ఆకలి మిక్కుటముగా ఉండెను. ఈ ఊరిలో భోజనము దొరకు ఇల్లు ఏది యని అడుగగా జనులు భవానీశంకరము ఇంటిని చూపిరి. ఆ యింట ఒక చిన్నపిల్ల కాళ్ళకు నీళ్ళిచ్చి, పీటవేసి, ఆకువేసి, ముఖమున విసుగన్నది లేక కొసరి కొసరి వడ్డించుట జోగన్న చూచెను. తినినది ఒక్కపూట భోజనమే యైనను ఆ వడ్డన ఆయన మనస్సులో నిలిచిపోయెను. తరువాత కొంతకాలమునకు ఆమెను తనకిచ్చి వివాహము చేయుమని కోరెను. ఆ విధముగా సీతమ్మ డొక్కావారి కోడలై లంకల గన్నవరము చేరెను.

ఆ ఊరున్న చోటు ఎట్టిదో కొంచెము చెప్పవలెను. గోదావరి పాయల నడుమ నీటినుండి తేలిన మెరకనేలలను లంకలందురు. అచ్చటి మార్గములు ఇసుక తిన్నెలమీదుగా, రేవులమీదుగా సాగును. వేసవిలో కాళ్ళు మాడును. వర్షకాలమున నది పొంగినచో పడవ కదలదు. ఒక పూటలో ఇల్లు చేరవలసినవాడు రెండు మూడు దినములు గట్టుననే చిక్కుకొని యుండును. చేతిలోని మూట యొక్కపూటకే సరిపోవును. వెలయిచ్చి కొనుక్కొని తినుటకు పూటకూళ్ళ యిండ్లు కూడ ఆ లంకలలో లేవు. ఇట్టి బాటసారులు, యాత్రికులు, కూలికి పోవువారు, పెండ్లివారు, పిల్లలను చంకనెత్తుకొన్న తల్లులు ఆ యూరిమీదుగా పోవుచుండిరి. వారందఱికి సీతమ్మ యిల్లే దిక్కయ్యెను.

పూర్వము జమీందారులును, ధనికులును సత్రములు కట్టించి యుండిరి. అవి మెచ్చదగినవే. కాని సత్రమునకు ఒక వేళయుండును. ఇంతమందికి, ఇన్ని దినములకు అను లెక్కయుండును. పెక్కింటిలో కులపు కట్టుబాటు ఉండును. పెట్టువాడు జీతగాడు. సీతమ్మ యిల్లు సత్రము కాదు. ఆమెకు వేళలేదు, లెక్కలేదు. వచ్చినవాడు ఏ కులమువాడని ఆమె అడుగలేదు. ఆ కాలపు కోనసీమలో, అందును ఆచారము గట్టిగా పాటించు కుటుంబమునందు, ఇది ఎంత అసాధారణమైన సంగతియో నేటి బాలురకు వెంటనే తట్టకపోవచ్చును.

అన్నము పెట్టుట యన్న మాట నోటితో అనుటకు తేలిక. ఆ కాలమున ఒక్క పంక్తికి వడ్డింపవలెనన్న ఎంతపని యుండెనో ఆలోచింపుడు. బియ్యపు మరలు లేవు. గాదెనుండి ధాన్యము తీసి, రోకళ్ళతో దంచి, చేటలతో చెఱిగి, మెరికలు ఏరి బియ్యము చేయవలెను. కందులు తిరుగలిలో విసరి పప్పు చేయవలెను. నూతినుండి నీరు తోడవలెను. వంటచెఱకు వేసవిలోనే కొట్టించి వానకు తడియకుండ దాచవలెను. నేలను పొడవుగా త్రవ్విన గాడిపొయ్యిమీద గుండిగలు ఎక్కించి పొగలో కన్నులు మండుచుండగా వండవలెను. కోనసీమలో అరటియాకులకు కొదువలేదు. పెరటిలో కందయు, బచ్చలియు, పనసయు, మునగయు దొరకును. కాని ఉప్పు, చింతపండు, మిరపకాయ, నూనె కొనితేవలసినవే. పాడి సరిగా లేనిచో మజ్జిగ యుండదు. ఏటికి సరిపడు ఊరగాయలు వేసవిలోనే పెట్టుకొనవలెను. ఇంతయు అయి, పంక్తి లేచి, ఎంగిళ్ళు ఎత్తి, అలికి, గిన్నెలు తోమి, ఇక కూర్చుందమనుకొను వేళకు వాకిట మఱియొకరు నిలిచియుందురు. నిప్పుపెట్టె ఇంటింట లేని రోజులవి. రాత్రి నివురు కప్పిన నిప్పును మరల కదిపి పొయ్యి రాజవేయవలెను.

ఒకనాడు ఇట్లు చేయుట గొప్పకాదు. ఏ యింటనైన పండుగనాడు చేయుదురు. రేపును, ఎల్లుండియు, వచ్చు సంవత్సరమును, ఎవరు వత్తురో ఎందఱు వత్తురో తెలియకయే, మొదటి దినపు ముఖముతోనే చేయుట అరుదు. సీతమ్మ దశాబ్దముల తరబడి అట్లు చేసెను.

ఆమె కాలమున బాలికలకు బడిచదువు మిక్కిలి అరుదు. కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించినది 1874లో. అప్పటికి సీతమ్మకు ముప్పదిమూడేండ్లు. ఇల్లు దాటి చేయదగిన పనులు ఆనాటి స్త్రీకి దాదాపుగా లేకుండెను. వండుట, వడ్డించుట, కడుగుట, మరల వండుట. ప్రతి యింట ప్రతి యిల్లాలు చేయు పనియే ఇది. పలువురు దీనిని తప్పని చాకిరిగా భావించి విసుగుతో చేయుదురు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. సీతమ్మ మాత్రము తన బ్రతుకునకు వేఱొక గొప్ప పని కావలెనని వెదకలేదు. చేతికందిన పనినే, గడపలోపలికి వచ్చినవారి కొఱకెల్ల చేసెను. దినదినము చేయు ఆ వంటయే ఆమెకు వ్రతమయ్యెను.

వరదకాలపు కథ యొకటి చెప్పుదురు. ఒక రాత్రి గోదావరి పొంగి ప్రవహించుచుండెను. కుంభవృష్టి కురియుచుండెను. నీట చిక్కుకొన్న ఒక లంకనుండి ఎవరో ఆకలితో అరచుచున్నట్లు కేకలు వినవచ్చెను. ఆ కేకలు సీతమ్మ చెవిని పడెను. అప్పటికప్పుడు ఆమె పొయ్యి రాజవేసి వంట చేసెను. ఆ వానలో, ఆ చీకటిలో, ఆ ప్రవాహమున పడవ వేయుట ప్రాణాపాయమని అందఱికిని తెలియును. సీతమ్మ భర్తను వేడుకొనెను. జోగన్న కొంత తటపటాయించినను తుదకు పడవనెక్కి, అన్నము కొనిపోయి, ఆ లంకలోనివారి ఆకలి తీర్చి వచ్చెనట. ఈ కథలో అందఱు సీతమ్మను మెచ్చుకొందురు. పడవనెక్కినవాడు జోగన్న యని కూడ మఱువరాదు. ధాన్యము ఆయనది, పొలము ఆయనది. ఇంటి యజమాని చేయి అడ్డుపెట్టిన ఏ గృహిణియు ఆ కాలమున అంత పని చేయగలిగెడిది కాదు.

ఎంతటి గాదెయైనను నిత్యము తీయుచుండిన తరుగును. రాను రాను వారి సంపద క్షీణించెను. భూములు కొంత చేయి జారెను. ఈ యన్నదానమును ఇంతటితో తగ్గించుకొనుట మంచిదని ఆప్తులు చెప్పిరి. జోగన్నకును ఆ చింత కలిగెనని అందురు. సీతమ్మ మాత్రము వచ్చినవారిని పొమ్మనలేదు. కొలది కాలమునకు జోగన్న పొలము త్రవ్వుచుండగా ధనము నిండిన బిందె దొరకెనని, దానితో వారి కష్టము తీరెనని జనులు కథగా చెప్పుకొందురు. మన దేశమున దాతల కథలన్నిటిలోను ఇట్టి బిందె యొకటి ఉండును. మంచివారు చెడిపోవుట చూడలేక జనులే ఆ బిందెను త్రవ్వి తీయుదురని నాకు తోచును. బిందె మాట ఎట్లున్నను, ఇచ్చిన కొలది ఇంటికి లేమి వచ్చునని తెలిసియే సీతమ్మ ఇచ్చుచుండెను. కలిమి మిగిలి యిచ్చుట వేఱు, తఱుగుచున్నదని చూచుచు ఇచ్చుట వేఱు.

ఇప్పుడు అంతర్వేది మాటకు వత్తము. ఇంటి పనిలో మునిగియున్న సీతమ్మకు తీర్థయాత్రలు చేయు తీరిక ఎన్నడును లేకుండెను. అంతర్వేది నరసింహస్వామిని ఒక్కసారి కన్నులార దర్శింపవలెనన్న కోరిక మాత్రము చిరకాలముగా ఆమె మనస్సున ఉండెను. లంకల గన్నవరమునుండి అంతర్వేది దూరదేశము కాదు. కాని ఆ రోజులలో అది ఒక్క పగటిలో పోయిరాదగిన దూరమును కాదు. పోయినచో ఇంట పొయ్యి ఎవరు చూతురు? అందుచేత ఏండ్లు గడచినవి. తుదకు ఒక సంవత్సరము ఆమె గట్టి పూనికతో బయలుదేరెను. మనుష్యులు తోడురాగా పల్లకిలో కొంతదూరము పోయి, బోయీలు అలసినందున దారిలో ఒకచోట ఆగెను.

అదే చోట ఒక కుటుంబమువారు కూడ విశ్రమించి యుండిరి. వారు ఎదురుదిక్కునుండి వచ్చుచున్నవారు. వారి పిల్లలు ఆకలికి తాళలేక ఏడ్చుచుండిరి. పెద్దలు వారిని ఊరడించుచు, ఇంకను కొంచెము దూరము ఓర్చుకొనుడని, లంకల గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట కడుపునిండ అన్నము దొరకునని చెప్పుచుండిరి. ఆ సీతమ్మ ప్రక్కనే పల్లకిలో ఉన్నదని వారికి తెలియదు.

ఆమె ముందున్న దారి అంతర్వేదికి, వెనుకనున్న దారి ఇంటికి. చిరకాలపు కోరిక ఒకవైపు, పేరైనను తెలియని పిల్లల ఆకలి ఒకవైపు. వారు తన యింటి వాకిలి చేరి, ఇల్లాలు లేదని విని, ఆ పిల్లలతో వెనుకకు మరలినచో? సీతమ్మ ఎక్కువసేపు ఆలోచింపలేదు. పల్లకిని ఇంటివైపు త్రిప్పుమని బోయీలకు చెప్పెను. వారు ఆశ్చర్యపడిరి. స్వామిని చూడకయే మరలుట తగునా యని తోడివారు అడిగిరి. ఆ పిల్లల ఆకలి తీర్చినచో స్వామిని చూచినట్లే యని ఆమె వారికి సమాధానము చెప్పి, ఆ కుటుంబముకంటె ముందుగా ఇల్లు చేరి, వంటకు పూనుకొనెను. వారు వచ్చునప్పటికి ఆకులు వేసియుండెను.

అంతర్వేది తీర్థమునకు పోవు పెద్దలు ఈ కథను పిల్లలకు దారిలో చెప్పుట కోనసీమలో వాడుక. సఖినేటిపల్లి దాటి గాలిగోపురము కనబడు వేళకు ఈ కథ ముగియును.

సీతమ్మ పేరు క్రమముగా జిల్లా దాటెను, రాజధాని దాటెను. 1901లో విక్టోరియా రాణి మరణింపగా ఆమె కుమారుడు ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి యయ్యెను. ఆ పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1వ తేదీన ఢిల్లీలో గొప్ప దర్బారు జరిగెను. దేశమందలి సంస్థానాధిపతులును, ప్రముఖులును అచ్చటికి పోయిరి. ఆ దర్బారునకు రమ్మని సీతమ్మకు కూడ ఆహ్వానము వచ్చెనని, జిల్లా అధికారులు దానిని తెచ్చి యిచ్చిరని చెప్పుదురు. ఆమె పోలేదు. తాను పేరు కొఱకు అన్నము పెట్టుటలేదని, తాను ఢిల్లీకి పోయినచో ఇంటికి వచ్చువారికి పెట్టువారెవరని ఆమె అభిప్రాయము. కనీసము ఛాయాచిత్రమునైన తీయనిండని అధికారులు కోరిరట. అదియు ఆమెకు ఇష్టము లేదు. చిత్రము పంపనిచో తన యుద్యోగమునకే ముప్పు వచ్చునని అధికారి మొఱపెట్టుకొనగా, ఒకని జీవనము తనవలన పోరాదని మాత్రమే ఆమె ఒప్పుకొనెనట.

ఆ చిత్రమును దర్బారులో ఒక ఆసనముపై ఉంచి చక్రవర్తి నమస్కరించెనని కొందఱు చెప్పుదురు. అది జరిగినది కాదు. ఎడ్వర్డు చక్రవర్తి ఆ దర్బారునకు రానేలేదు. తన తమ్ముడైన కన్నాటు ప్రభువును పంపెను. సభను నడపినవాడు రాజప్రతినిధి కర్జను ప్రభువు. సీతమ్మ కీర్తికి చక్రవర్తి నమస్కారము అవసరమని జనులు ఏల తలచిరో! ఆ జనవరి ఒకటవ తేదీన ఢిల్లీలో ఫిరంగుల మ్రోతలు చెలరేగుచుండగా, లంకల గన్నవరమున గాడిపొయ్యి మండుచుండెను. అది ఆమెకు చాలును.

సీతమ్మ 1909లో మరణించెను. అప్పటికి ఆమె వయస్సు అఱువదియేడు, అఱువదియెనిమిది యేండ్లు. ఆమె గ్రంథములు వ్రాయలేదు, సభలలో మాటలాడలేదు, సంఘములు స్థాపింపలేదు. ఆమె వండిన అన్నము ఏనాటికి ఆనాడే తినివేయబడినది. ఆంధ్రదేశమువారు ఆమెను అన్నపూర్ణ యని పిలుచుకొనిరి.

ఆమె బాలికగా ఉన్న కాలమున, 1852 ప్రాంతమున, గన్నవరమువద్ద వైనతేయపై నలువదితొమ్మిది కమానులతో ఒక అక్విడక్టు కట్టిరి. అక్విడక్టు అనగా నదిమీదుగా కాలువను దాటించు వంతెన. క్రింద నది పాఱును, పైన కాలువ పాఱును. చూచినవారికి వింతగా ఉండును. అది నూటయేబది సంవత్సరములు పనిచేసి పాతబడగా, దాని ప్రక్కనే క్రొత్తది నిర్మించిరి. 2000వ సంవత్సరమున దానిని ప్రారంభించి డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. దానిమీదుగా వచ్చు నీరే రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతముల చేలకు పాఱుచున్నది. అంతర్వేది పోవు దారి కిరుప్రక్కల మనము చూచు వరిపైరు ఆ నీటితో పండునదే.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పాఠశాలలలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. 2025 జనవరిలో దానిని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకును విస్తరింపజేసిరి. ఈ పాఠము చదువుచున్న మీలో పలువురు మధ్యాహ్నపు గంట మ్రోగగానే కంచము పట్టుకొని వరుసలో నిలుచుచున్నారు. పొయ్యిచెంత నిలిచి మీకు వడ్డించు అమ్మలు తెల్లవాఱకముందే లేచి, తమ యింటి పని ముగించుకొని, బియ్యము కడుగుటకు బడికి వత్తురు. వారిలో ఎందఱి పేర్లు మీకు తెలియునో ఒకసారి లెక్క చూచుకొనుడు.